సెమీఫైనల్లో ఎత్తని జెండా

ఫుట్‌బాల్ లైన్ మీద కొత్తగా జెండా పట్టుకుంటున్న ఆడపిల్లల కోసం ఇది రాస్తున్నాను. ఈ ఉక్కు కార్ఖానాల ఊళ్ళో పుట్టిన మీలో చాలామంది ఇంట్లో పెద్దవాళ్ళు తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెప్పేవాళ్ళే. అయినా తెలుగులోనే రాస్తున్నాను. ఈ ఆట నాకు తెలుగులోనే వచ్చింది మరి. చదవడం కష్టమైతే అమ్మ చేత చదివించుకోండి. ఆదివారం పూట మీరు ఎక్కడ నిలబడి తిట్లు తింటున్నారో ఆమెకూ తెలిసినట్టుంటుంది.

ఏ పరీక్ష ఎప్పుడు రాయాలి, ఏ బ్యాడ్జి ఎన్నాళ్ళకు వస్తుంది అన్న సంగతులు రిఫరీల సంఘం వాళ్ళు చెబుతారు. వాళ్ళు చెప్పనిది ఒకటుంది. విజిల్ ఊదగానే నిర్ణయం అయిపోయిందనుకుంటాం. కొన్ని అయిపోవు. మీరు ఇంటికి వెళ్ళాక లేచి తిరుగుతాయి. మళ్ళీ ఆటకు మీరు వచ్చేసరికి మీకన్నా ముందే మైదానంలో ఉంటాయి.

నేను వాటి మధ్య చాలాకాలం పనిచేశాను. పొద్దున బడిలో ఆటల టీచరుని, సెలవు రోజున లైన్ రిఫరీని. మోకాళ్ళు సహకరించినన్నాళ్ళు పరిగెత్తాను. ఇప్పుడు కూర్చుని రాసే ఓపికనిచ్చిన అమ్మవారికి దండం పెట్టుకుని మొదలుపెడుతున్నాను.

ఏ పక్కన కూర్చున్నావు

చిన్నప్పుడు నాకు ఆయాసం. కార్ఖానా పొగ కిందకి దిగిన రోజున మంచం దిగలేకపోయేదాన్ని. బడి మాన్పించారు. అమ్మ వంటింటి గడప దగ్గర కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించింది, స్తోత్రాలు కూడబలుక్కుని చదివించింది. లెక్కలూ ఆటా నాన్న వంతు. ఆయన కంపెనీలో షిఫ్టు దిగొచ్చి, స్నానం చేసి, వరండాలో ముగ్గుపిండితో ఫుట్‌బాల్ మైదానం గీసేవాడు. చింతపిక్కలే ఆటగాళ్ళు. కాల్చిన పిక్కలు ఒక జట్టు, పచ్చివి ఒక జట్టు.

"ఈ పిక్క ఆఫ్‌సైడా కాదా, సెప్పు."

నేను తప్పు చెబితే కోప్పడేవాడు కాదు. "ఏ పక్కన కూకుని సూత్తన్నావు? లెగిసి ఇటొచ్చి సూడు" అనేవాడు. లేచి అటు వెళితే పిక్క జరిగినట్టే ఉండేది. జరిగింది పిక్క కాదు, నేను.

నేను బడికి వెళ్ళి నేర్చుకున్నది తక్కువ. ఈ ఒక్క పాఠం మాత్రం ఇంట్లో, నేలమీద దొరికింది. ఆ తర్వాత ఏ శిక్షణలోనూ ఇంతకన్నా పెద్దది వినలేదు. ఎవరైనా మీ దగ్గరికొచ్చి "నేను చూశాను" అంటే, ఏం చూశావని అడగకండి. ఎక్కడ నిలబడ్డావని అడగండి.

దత్తా దా ఇంటికి వచ్చిన మనిషి

నాకు పని నేర్పిన పెద్ద రిఫరీని అందరం దత్తా దా అనేవాళ్ళం. బెంగాలీ ఆయన, దా అంటే అన్న. మైదానంలో నవ్వేవారు కాదు. ఆడపిల్ల లైన్ మీద ఉంటే జనం అల్లరి చేస్తారని సంఘంలో కొందరు అడ్డుపడితే, "జనం నన్ను చూసి కూడా అల్లరే చేస్తారు, నేనేమైనా ఆడపిల్లనా" అని నన్ను వెంటపెట్టుకు వెళ్ళారు. ఆయన రుణం ఈ జన్మకు తీరదు.

టెల్కో వైపు ఒక నాకౌట్ ఆటలో ఆయన పెనాల్టీ ఇచ్చారు. బంతి చేతికి తగిలిందని. గుంపు వెనక చిక్కుకుపోయి చూశారు. తగిలింది తొడకని ఆ సాయంత్రమే ఆయనకు తెలిసిపోయింది. ఓడిన జట్టు ఇంటికెళ్ళింది. ఈ సంగతి ఆయన నాతో ఒక్కసారే అన్నారు, రోడ్డు దాటుతూ, నా వైపు చూడకుండా.

చాలా ఏళ్ళ తర్వాత ఆయన పోయారు. కర్మ రోజున ఇల్లంతా చుట్టాలు. నేను వసారాలో విస్తళ్ళు తుడుస్తున్నాను. మధ్యాహ్నపు ఎండలో ఒక ముసలాయన వచ్చి మెట్టు కింద నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే రాలేదు. మంచినీళ్ళు వద్దన్నాడు. హిందీలో, చాలా మెత్తగా, ఒకే మాట అడిగాడు. అది పెనాల్టీ కాదని ఆయన ఎప్పుడైనా అన్నారా అని.

ఏ పెనాల్టీ అని నేను అడగలేదు. "అన్నారు, నాతో అన్నారు" అని చెప్పాను.

ఆ మనిషి కళ్ళు మూసుకున్నాడు. ఎండలో నిలబడ్డవాడి ముఖంలోంచి ఏదో లేచి వెళ్ళిపోయినట్టు కనబడింది. దండం పెట్టి తిరిగాడు. దత్తా దా కోడలు మజ్జిగ తీసుకుని వచ్చేసరికి వీధిలో ఎవరూ లేరు. ఆ వీధి పొడుగ్గా, సూటిగా ఉంటుంది. అతను ఎవరో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఇలాంటివాళ్ళను పిచ్చివాళ్ళని చెప్పే రిఫరీలు ఉంటారు. వాళ్ళ మాట వినకండి. లీగ్ ఆటలో మీ తప్పు వచ్చే వారానికి పాతబడుతుంది, ఎందుకంటే వచ్చే వారం ఇంకో ఆట ఉంది. నాకౌట్‌లో ఓడినవాడికి వచ్చే వారం లేదు. అందుకని ఆ రాని వారాన్ని మనసులో తనే కట్టుకుంటాడు. అందులో మీరు పెనాల్టీ ఇవ్వరు, వాళ్ళు ఫైనల్‌కి వెళతారు, కప్పు పట్టుకుని బస్తీ అంతా తిరుగుతారు. ఆ జరగని వారంలో ఒక మనిషి బతుకంతా కాపురం చేయగలడు. అక్కడికి మీరు కూడా రావాలి. మీరు రాకపోతే వాళ్ళే మీ గుమ్మంలోకి వస్తారు.

ఇప్పుడు ఫోన్లున్నాయి కదా అని మీరంటారు. ఉన్నాయి. ఒకే వీడియో ఇద్దరు చూసి రెండు చెప్పడం నా కళ్ళతో చూశాను. ఫోను కూడా ఎక్కడో ఒకచోటే నిలబడుతుంది.

ఆ కార్నర్

భాలుబాసా దాటాక ఒక చిన్న బస్తీ ఉంది. పేరు రాయను. మన శ్రీకాకుళం, విజయనగరం వైపు కుటుంబాలే ఎక్కువ. వాళ్ళ జట్టు ఒక ఏడు మొట్టమొదటిసారి సెమీఫైనల్‌కి వచ్చింది. అవతలి జట్టు ఆదిత్యపూర్ చిన్న కార్ఖానాల కుర్రాళ్ళది. వాళ్ళ గోల్‌కీపర్ సింహాచలం మాత్రం బస్తీ మనిషే. నది దాటి పనికి వెళ్ళేవాడు కనక పనిచేసే చోటి జట్టుకే ఆడాడు. దత్తా దా రిఫరీ. నేను లైన్ మీద.

ఆదిత్యపూర్ ఒక గోల్ ముందుంది. చివర్లో బస్తీకి కార్నర్ దొరికింది, నాకు అవతలి మూల నుంచి. కార్నర్ కొట్టేటప్పుడు లైన్ రిఫరీ గోల్ గీతకు సూటిగా, మూల జెండా వెనక నిలబడాలి. అక్కడే నిలబడ్డాను. బంతి గాల్లో వచ్చింది. బస్తీ ఫార్వర్డ్ పైడిరాజు ఎగిరి తలతో కొట్టి బోర్లా పడ్డాడు. బంతి పై బార్ కింది అంచుకు తగిలి, నేలకు కొట్టుకుని, వెనక్కి తిరుగుతున్న సింహాచలం వీపుకు తగిలి బయటికొచ్చింది.

బంతి మొత్తం గీత దాటితేనే గోల్. పిసరంత గీత మీద మిగిలినా కాదు. దత్తా దా నా వైపు చూశారు. నేను జెండా ఎత్తలేదు. ఆట సాగింది. బస్తీ ఓడింది.

కొట్టుకుంటారనుకున్నాం. ఎవరూ కొట్టుకోలేదు. ఒక్క కేక లేదు. అంతమంది మనుషులు మాట లేకుండా మైదానం దాటి వెళ్ళిపోయారు. చెప్పుల చప్పుడు మాత్రం వినబడింది, అది కూడా దుమ్ములో మెత్తగా. అరిచే జనాన్ని చూసి నేను ఎన్నడూ భయపడలేదు. ఆరోజు భయపడ్డాను.

దత్తా దా బూట్లు విప్పుకుంటూ అడిగారు, "నిలబడాల్సిన చోటే నిలబడ్డావా?"

"నిలబడ్డాను."

"అయితే ఇక దీని గురించి ఎవరితోనూ వాదించకు. నీలో నువ్వు కూడా."

మొదటిది పాటించాను. రెండోది నా చేతిలో లేదని తర్వాత తెలిసింది.

మరుసటి ఏడు నుంచి ఒకటి మొదలైంది. ఆ బస్తీ జట్టు ఎక్కడ నాకౌట్ ఆడినా, మేం వెళ్ళేసరికి ఒక గోల్‌పోస్టు లోపల, గీతకు బెత్తెడు అవతల, ఒక బంతి ఉండేది. దాని మీద పసుపు బొట్టు. ఎవరు పెట్టారో ఎవరూ చూడరు. బస్తీవాళ్ళు దాన్ని ముట్టరు, మైదానం పనివాళ్ళు ముట్టరు, పిల్లలు చుట్టూ తిరిగి వెళతారు. ఆట మొదలవ్వాలంటే రిఫరీయే తీయాలి. మొదటిసారి నేను తీశాను. మిట్ట మధ్యాహ్నం ఎండలో ఉన్న బంతి చన్నీళ్ళ కుండలా చల్లగా ఉంది. అమ్మవారిని తలుచుకుని చెట్టు కింద పెట్టి వచ్చాను.

ఆటోలో విన్న గోల్

ఉద్యోగం మానాక ఒకరోజు సాక్చి నుంచి ఆటోలో వస్తున్నాను. నడిపేవాడు మన కుర్రాడే, బస్తీవాడు. నేను తెలుగులో మాట్లాడితే హిందీలో బదులిస్తున్నాడు. మైదానం పక్కనుంచి పోతూ బండి నెమ్మది చేసి అన్నాడు, "అదిగో, దీదీ, అక్కడే మా గోల్ మింగేశారు. హమ్ వహీఁ ఖడే థే. గోల్ వెనకాలే నిలబడ్డాం."

వాడికి మీసం సరిగ్గా రాలేదు. ఆ ఆట నాటికి వాడు పుట్టలేదు.

"ఏం చూశావు బాబూ?"

"బంతి లోపల పడింది. ఇంత లోపల. లైన్ మీద ఒక లేడీ ఉంది. జడకి ఎర్ర రిబ్బను. మమ్మల్నే చూసింది. చూసి జెండా దించేసింది."

నేనెప్పుడూ రిబ్బను కట్టలేదు. మైదానంలో జడ కూడా వేసుకోలేదు, ముడి వేసి పిన్నులు గుచ్చుకునేదాన్ని. వాడు అబద్ధమాడుతున్నాడని మాత్రం అనుకోకండి. చెబుతూ చెబుతూ బండి పూర్తిగా ఆపి ఆ గోల్‌కేసే చూశాడు. దిగేటప్పుడు అద్దంలో నా ముఖం చూసి, "మిమ్మల్ని ఎక్కడో చూశాను" అన్నాడు.

ఆ సాయంత్రం తల దువ్వుకుంటూ నా చేయి ఆగిపోయింది. రిబ్బను ముడి కోసం వేళ్ళు వెతుకుతున్నాయి.

వీపులు

సింహాచలాన్ని ఆ బస్తీ ఏమీ చేయలేదు. తిట్టలేదు, వెలివేయలేదు. అతను టీ కొట్టు దగ్గరికి వస్తే ఉన్నవాళ్ళు అటు తిరుగుతారు, అంతే. కుళాయి దగ్గరికి వస్తే ఆడవాళ్ళు అటు తిరుగుతారు. ఎవరూ నిర్ణయించింది కాదు. జొన్నచేను గాలికి ఒరిగినట్టు అందరూ ఒకేసారి తిరుగుతారు. అతను దాన్ని వానలా భరించాడు. భార్యా, కూతురూ అలవాటు పడ్డారు.

ఆ కూతురు కుసుమ పొడుగ్గా ఎదిగింది, తండ్రిలాగే చేతులు పెద్దవి. బస్తీలో ఆడపిల్లల జట్టు లేస్తే గోల్‌కీపర్ అయింది. ఆ జట్టుకు ఆట నేర్పేది ఎవరనుకున్నారు, పైడిరాజు. లీగ్ ఆటలన్నీ బాగానే జరిగాయి. జట్టు నాకౌట్‌కి చేరింది. అక్కడ మొదలైంది.

క్వార్టర్ ఫైనల్ చూడడానికి నేను కూడా వెళ్ళాను. వెళ్ళేసరికి బంతి ఉంది, పసుపు బొట్టుతో. కొత్త రిఫరీ పిల్ల దాన్ని తీసి పక్కన పెట్టింది. కుసుమ వచ్చి బార్ కింద నిలబడింది. ఆమె వెనక బస్తీ జనం, పెద్దా చిన్నా, గోల్ వల వెంట వరసకట్టి ఉన్నారు. విజిల్ పడగానే ఆ వరసంతా వెనక్కి తిరిగింది.

అన్నీ వీపులే. చొక్కాలు, పైటలు, జడలు. ఒక్క ముఖం లేదు. మాట లేదు. ఆ పిల్ల బంతి పట్టినా చప్పట్లు లేవు, వదిలినా అరుపు లేదు. హాఫ్ టైమ్‌లో జట్లు వైపులు మారాయి. జనం కూడా కదిలారు. గుడి చుట్టూ ప్రదక్షిణ చేసినట్టు నెమ్మదిగా మైదానం చుట్టి, అవతలి గోల్ వెనకకు చేరి, మళ్ళీ వెనక్కి తిరిగి నిలబడ్డారు. పొద్దు వాలింది. దూరాన కంపెనీవాళ్ళు స్లాగ్, అదే నిప్పులా కరిగిన ఇనప చిట్టెం, పారబోశారు కాబోలు, ఆకాశం ఎర్రబడింది. ఆ ఎరుపు వీపులన్నిటి మీదా పడింది. కుసుమ మాత్రం ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు. చేతి తొడుగులు మాటిమాటికీ బిగించుకుంది.

వాళ్ళ జట్టు గెలిచింది. ఎవరూ అరవలేదు. జనం ఇళ్ళకు వెళ్ళిపోయారు.

సింహాచలం అడిగింది

రెండు మూడు రోజులకు సింహాచలం కూతురిని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"ఏటి సింహాచలం, లోపలికి రా."

"కూకోడానికి రానేదక్కా. సెమీఫైనల్లో పిల్లని ఆడనివ్వరట."

"ఎవరన్నారు?"

"ఎవులూ అన్నేదు. అదే కదా ఏడుపు. ఒకడంటే ఆడి కాలరట్టుకుందును. 'బస్తీ ఒప్పుకోదమ్మా, నానేటి సేయగల్ను' అన్నాడంట పైడిరాజు. గోల్లో ఏరే గుంటని నిలబెడతాడంట."

కుసుమ గోడవైపు చూస్తూ, "పాపా, రెహనే దో" అంది. వదిలెయ్ నాన్నా అని.

"నువ్వూరుకో. అక్కా, నువ్వొచ్చి ఒక్క మాట సెప్పాల. అది గోల్ కాదని. నీ కంటి ముందర పడ్డాది. నువ్వు సెప్తే ఇంటారు."

"నీకేం కనబడింది ఆరోజు?"

సింహాచలం నవ్వాడు. "నా ఈపుకి కనబడ్డాది. నాను సూణ్ణేదు. ఈపుకి తగిలి పోనాది. ఇన్నేళ్ళై నాకూ తెలవదక్కా. నీకొక్కదానికే తెలుసు."

కుసుమ మొదటిసారి నా వైపు తిరిగింది. ఆ పిల్ల కళ్ళలో అడగడం లేదు. ఈవిడ కూడా అటు తిరిగిపోతుందా అని చూస్తోంది.

ఆదివారం వస్తానని చెప్పి పంపించాను. దీపం పెట్టి, కళ్ళు మూసుకుని, ఆ కార్నర్ తెచ్చుకున్నాను. బంతి వచ్చింది, బార్‌కు తగిలింది, నేలమీద పడింది. గీతకు బెత్తెడు లోపల. మళ్ళీ చూశాను. లోపలే. ఇన్నాళ్ళూ నేనే తప్పా, ఆ మనిషి వీపుకు తగిలింది నా పాపమా అని దేవుడి ముందు చాలాసేపు కూర్చున్నాను.

అప్పుడు ఒకటి కనిపించింది. ఆ బంతికి అవతల, మూల జెండా వెనక, నేనున్నాను. ఎర్ర రిబ్బనుతో. నన్ను నేనే చూస్తున్నాను.

గీత మీద నిలబడ్డ మనిషికి తన ముఖం ఎలా కనబడుతుంది? నేను చూస్తున్నది నా చోటునుంచి కాదు. గోల్ వెనకనుంచి. నాన్న నేర్పిన ప్రశ్న నన్నే అడుక్కోవలసి వచ్చింది. ఏ పక్కన కూర్చుని చూస్తున్నావే అని.

నిలబడ్డ చోట్లు

ఆదివారం బస్తీ మైదానానికి వెళ్ళాను. ఆనాటి సెమీఫైనల్ జరిగింది అక్కడే. పైడిరాజు పిల్లల చేత పరుగులు పెట్టిస్తున్నాడు. జుట్టు నెరిసింది, మోకాలికి పట్టీ. నన్ను చూసి జనం పోగయ్యారు. సింహాచలం దూరంగా, రోడ్డు మీదే ఆగిపోయాడు.

నేను ఉపన్యాసం చెప్పలేదు. "ఆరోజు ఎవరెక్కడ నిలబడి చూశారో వెళ్ళి అక్కడ నిలబడండి" అన్నాను.

ఎందుకని అడిగినవాడు లేడు. ఎప్పటినుంచో ఆ మాట కోసమే ఉన్నట్టు కదిలారు. ముసలివాళ్ళు, కోడళ్ళుగా నిన్నమొన్న వచ్చిన ఆడవాళ్ళు, ఆటో కుర్రాడు, అందరూ. అందరూ ఒక్క చోటికే వెళ్ళారు. గోల్ వెనక, కుడి గోల్ స్తంభం పక్కన. భుజాలు రాసుకుంటూ, ఒకరి కాలి మీద ఒకరు నిలబడుతూ, ఇంకా వస్తూనే ఉన్నారు. నిజం చెబుతున్నాను, ఆ గుంపు మధ్యలో ఒక మనిషికి సరిపడా చోటు ఖాళీగా ఉంది. అది నాదని నా కాళ్ళకు తెలిసింది. ఒక అడుగు వేశాను కూడా.

వెనకనుంచి గొంతు వినబడింది. "ఏటర్రా అది? కుప్ప మీదెక్కి సూసినారేటి?"

గౌరమ్మ. బస్తీలో అందరికన్నా పెద్దది. ఆవిడ ఒక్కతే అటు వెళ్ళలేదు. మైదానం ఇవతల కుళాయి దగ్గర ఉంది.

"ఏం కుప్ప గౌరమ్మా?" అన్నాను.

"అల్లక్కడ ఇనప చిట్టెం కుప్ప ఉండీది కాదేటి. ఇంటెత్తు. సుట్టూ ముళ్ళకంచి. మేకపిల్ల కూడా దూరలేదు. మొన్న మొన్న కదా ఎత్తించినారు." తన కాళ్ళకేసి చూపించింది. "నానిక్కడున్నాను, బిందెట్టుకుని. ఏటీ కనబడ్నేదు. అరుపు ఇన్నాను."

గోల్ వెనక అంతమందీ కిందకు చూసుకున్నారు. ఒకామె మెల్లిగా పాదం పైకెత్తి, కింద ఏముందో అని చూసి, మళ్ళీ దించింది. నేను వేసిన అడుగు వెనక్కి తీసుకున్నాను.

పైడిరాజు మాత్రం గుంపులో లేడు. గోల్ ముందర, తను పడిన చోట, పట్టీ వేసిన మోకాలు పట్టుకుని చతికిలబడి ఉన్నాడు.

"నానిక్కడ పడ్డాను. మొకం మట్టిలోనున్నాది. గోల్ గోల్ అని అరిసినారు. లెగిసినాక ఏటైనాదంటే మీరే సెప్పినారు నాకు." ఎవరివైపూ చూడలేదు. "మీరు సెప్పిందే ఇన్నేళ్ళూ సెప్తన్నాను."

"మరి నీకేటి కనబడ్డాది తల్లీ?" అంది గౌరమ్మ నాతో. "నువ్వు సూసినావు కదా."

"ఆరోజు చూశాను. చూసింది ఆరోజే జెండాకి చెప్పేశాను. ఇవాళ కళ్ళు మూసుకుంటే నాకు కూడా బంతి లోపలే కనబడుతోంది గౌరమ్మా. కానీ నేనూ ఆ కుప్ప మీదనుంచే చూస్తున్నాను."

గుంపులోంచి ఒకడు చప్పున అన్నాడు, "సూసినారా, ఒప్పేసుకుంది. లోపలేనంట."

"నోరుముయ్‌రా సన్నాసీ. ఆ యేడు మీ అమ్మకి పెళ్ళే అవనేదు" అంది గౌరమ్మ.

ఒకరిద్దరు నవ్వారు. ఎక్కువమంది నవ్వలేదు. నేను గెలిచానని అనుకోకండి. కొందరు నన్ను కోపంగా చూస్తూ వెళ్ళిపోయారు. వాళ్ళ గోల్ నేను మళ్ళీ తీసేసుకున్నట్టే ఉంది వాళ్ళకు. ఒకావిడ కళ్ళు తుడుచుకుంది. ఆ దుఃఖం నాకు అర్థమైంది, నా దగ్గర దానికి ఇచ్చేది ఏమీ లేదు. గోల్ కాదని ప్రమాణం చేసి ఉంటే ఇంకో తరం ఆ మాటతో కొట్టుకునేది. మీరు కూడా ఎప్పుడూ ప్రమాణం చేయకండి. జెండా చెప్పిందే చెప్పండి, తర్వాత మీ కళ్ళలోకి వచ్చి చేరినదాన్ని సాక్ష్యం అనకండి.

వస్తూ వస్తూ పైడిరాజుని అడిగాను, కుసుమ సంగతేమిటని.

"సూద్దాం" అన్నాడు. అంతే.

సెమీఫైనల్

నేనూ సింహాచలం గోల్‌కు దూరంగా, మైదానం పక్క గట్టు మీద కూర్చున్నాం. అతను గోళ్ళు కొరుక్కుంటున్నాడు. జట్టు బయటికి వచ్చింది. తొడుగులు ఎవరి చేతులకున్నాయా అని ఇద్దరం చూశాం. కుసుమ చేతులకే ఉన్నాయి. పైడిరాజు ఆ పిల్లను భుజం పట్టి గోల్‌వైపు తోసి, మాకేసి చూడకుండా వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాడు.

జనం వచ్చారు. గోల్ వల వెనక వరస కట్టారు. విజిల్ పడింది. కొన్ని వీపులు తిరిగాయి. కొన్ని సగం తిరిగి ఆగాయి. కొందరు తిరగాలో వద్దో తెలియక పక్కవాళ్ళను చూస్తున్నారు. మాట మాత్రం లేదు. కుసుమ ఒక మంచి బంతి ఆపింది. చప్పుడు లేదు. ఇంకోటి ఆపింది. లేదు. సింహాచలం నా పక్కన ఊపిరి తీయడం కూడా మెల్లిగా తీస్తున్నాడు.

అప్పుడొకటి జరిగింది. దూరం నుంచి నింపాదిగా వచ్చిన బంతి, ఒంటి చేత్తో పట్టదగ్గది, కుసుమ చేతుల్లోంచి సబ్బుబిళ్ళలా జారింది. గోల్ స్తంభానికి తగిలి బయటికి పోయింది. కార్నర్.

"ఒలే కుసుమా, సేతులకి ఆముదం రాసుకొచ్చినావేటే?"

గౌరమ్మ. ఆ వెనకే ఇంకొకడు, "కళ్ళెక్కడెట్టినావే, బజార్లోనా?" మూడోది హిందీలో, ఇక్కడ రాయలేను. ఒకటి మొదలయ్యాక ఇక ఆగలేదు. అన్ని గొంతులూ కలిసి ఆ పిల్లను, ఆ పిల్ల చేతుల్ని, తొడుగులు కుట్టినవాడిని, నేర్పిన పైడిరాజుని తిట్టిపోశాయి.

కుసుమ ఆటలో మొదటిసారి వెనక్కి తిరిగింది. "మీరొచ్చి నిలబడండి మరి" అని అరిచింది, అచ్చ తెలుగులో.

"నువ్వు ముందు బంతి సూడే" అని గదిమింది గౌరమ్మ.

సింహాచలం కండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు. "తిడతన్నారక్కా" అన్నాడు. "నా కూతుర్ని తిడతన్నారు."

ఈ పనిలో నేను తినని తిట్టు లేదు. తిట్టు విని అమ్మవారికి దండం పెట్టుకున్నది ఆరోజే. అవతలి మూలలో కార్నర్ కొట్టే పిల్ల చెయ్యెత్తింది, బంతి లేచింది. ఆ బంతి ఎక్కడ పడిందో నన్నడగకండి. నేను గోల్ వెనక ముఖాలు చూస్తున్నాను. నోళ్ళు తెరుచుకుని, మెడలు చాచి, ఒక్కటి తప్పకుండా అన్నీ మైదానంవైపే తిరిగి ఉన్నాయి.